రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళకు సాటి మహిళ తోడు: బృందం కట్టి నడిపే పద్ధతి

కాన్సర్ వల్ల రొమ్ము తీసేశాక పదో రోజున జాకెట్టు ఎలా తొడుక్కోవాలో డిశ్చార్జి కాగితంలో రాసి ఉండదు. గాయంలో ఊరే నీరు చేరడానికి గొట్టంతో తగిలించే డ్రెయిన్ సీసాతో స్నానానికి ఎలా వెళ్ళాలి, అద్దంలో మొదటిసారి చూసుకునేటప్పుడు పక్కన ఎవరుండాలి, పలకరించడానికి వచ్చిన చుట్టాలకు ఏం చెప్పాలి అన్నవి ఆ ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషికే బాగా తెలుస్తాయి. సర్జన్‌కి తెలియవని కాదు. ఓపీలో ఇరవై మంది వెనక నిలబడి ఉండగా ఆయన్ని ఇవి అడగడానికి నోరు రాదు.

అయితే సాటి మహిళకు తెలిసింది ఆమె ఒంటి సంగతి మాత్రమే. ఒకరికి కీమో పడుతుంది, ఇంకొకరికి అక్కర్లేదు. ఒకరికి అయిదేళ్ళు మాత్ర, ఒకరికి ఏడాది పాటు ఇంజక్షన్లు. "నాకు ఇలా జరిగింది" అన్న మాట మేలు చేస్తుంది, "నీకూ ఇంతే" అన్న మాట చెరుపు చేస్తుంది. బృందం పెట్టేవాళ్ళు కాపాడుకోవాల్సింది ఈ గీతనే. కింద చెప్పే నియమాల్లో సగం దానికోసమే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆమె తన రొమ్ము తీసేశాక, 1952లో, ఆపరేషన్ అయిన ఆడవాళ్ళను ఆస్పత్రులకు వెళ్ళి కలవడం మొదలుపెట్టింది. 'రీచ్ టు రికవరీ' అన్న ఆ పనిని 1969లో అమెరికన్ కాన్సర్ సొసైటీ తన కిందికి తీసుకుంది. ఆమె సంచిలో చేతి వ్యాయామానికి ఒక రబ్బరు బంతి, ఒక తాడు, లోపల పెట్టుకోవడానికి ఒక తాత్కాలిక మెత్త ఉండేవి. అడక్కుండా వార్డుల్లోకి వస్తోందని కొందరు సర్జన్లు అభ్యంతరం చెప్పారు కూడా. సంచి ఆలోచన మనమూ తీసుకోవాలి, అడక్కుండా వెళ్ళడం మాత్రం వద్దు.

ఎవరు తోడుగా వెళ్ళొచ్చు

ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ ముగిసి కనీసం ఒక సంవత్సరం గడిచి ఉండాలి. టమాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి హార్మోన్ వైద్యం మాత్రలు వాడుతూ ఉంటే ఫర్వాలేదు. ఏడాది ఎందుకంటే, అంతకు ముందు వినేటప్పుడు తన గాయమే సలుపుతుంది. ఎదుటావిడ ఏడుస్తుంటే తను తన కథ ఎత్తుకుంటుంది. ఉత్సాహంగా ముందుకొచ్చేవాళ్ళలో ఈ దశలో ఉన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళను కాదనకుండా జాకెట్లు కుట్టడం, ఫోన్ నంబర్ల పుస్తకం చూడటం లాంటి పనులు అప్పగించండి.

ఎంపికకు ఒక చిన్న పరీక్ష చాలు. ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకామెను పది నిమిషాలు మాట్లాడమనండి, రెండో ఆమెను ప్రశ్నలు మాత్రమే వెయ్యమనండి. పది నిమిషాలూ సలహా ఇవ్వకుండా ఉండగలిగితే ఆమె పనికొస్తుంది. ఉండలేకపోతే మళ్ళీ నేర్పాలి, లేదా వేరే పని చూడాలి. రెండు రోజుల శిక్షణలో ఒక పూట ఆంకాలజీ (కాన్సర్ వైద్యం) నర్సు, ఒక పూట ఫిజియోథెరపిస్టు చెప్పాలి. మిగతా సమయమంతా ఇలాంటి సాధనే.

మందులు, పొడులు, కషాయాలు అమ్మేవాళ్ళనూ చీటీలు నడిపేవాళ్ళనూ తోడుగా పంపకూడదు. మనిషి ఎంత మంచిదైనా సరే, ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

ఆస్పత్రితో ముందే మాట్లాడుకోవడం

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., బసవతారకం, విశాఖలో హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రి లాంటి చోట్లకు దూరపు జిల్లాల నుంచి చాలామంది వస్తారు. అక్కడే ఒకసారి కలిసినా, ఇంటికెళ్ళాక తోడు ఫోన్లోనే. అందుకని మీ బృందం పరిధి ముందే తేల్చుకోండి: ఏ ఆస్పత్రి, ఏ జిల్లాలు, రోజులో ఏ వేళలు.

రోగుల ఫోన్ నంబర్లు ఆస్పత్రి నుంచి తీసుకోవద్దు. మీ నంబరున్న చీటీని నర్సు రోగికి ఇవ్వాలి, ఫోన్ చేసేది రోగే కావాలి. ఆ చీటీ మీద 'కాన్సర్' అన్న మాట ఉండకూడదు. బృందం పేరులోనూ, వాట్సాప్ ఫొటోలోనూ ఉండకూడదు. పెళ్ళి కావాల్సిన కూతురు ఇంట్లో ఉంటే ఆ ఒక్క మాట బయటపడుతుందన్న భయంతో ఫోన్ ఎత్తనివాళ్ళు ఎందరో.

జత కుదర్చడం

వయసు, ఊరు, కులం చూసి జత కలపడం తేలిక, కానీ ఉపయోగం తక్కువ. ముందు చూడాల్సింది వైద్యం. రొమ్ము మొత్తం తీసినామెకు అలా తీయించుకున్నామె, గడ్డ వరకే తీసినామెకు అలాంటి ఆమె. తర్వాత బతుకు: చంటిపిల్ల తల్లి, ఒంటరి మహిళ, కూలికి వెళ్ళే మనిషి, ఉద్యోగం చేసే మనిషి. యాస మూడోది, కానీ వదిలేసేది కాదు. ఆదిలాబాద్ ఆమెకు శ్రీకాకుళం ఆమెను కలిపితే మొదటి రెండు ఫోన్లు ఒకరికొకరు అర్థం కావడానికే సరిపోతాయి.

ఒక తోడు దగ్గర ఒకే సమయంలో ముగ్గురికి మించి పెట్టకండి. నాలుగో ఆమె వచ్చిందంటే ఇంకో తోడును తయారు చేసుకోవాల్సిన వేళైందని లెక్క.

జబ్బు ఎముకలకో కాలేయానికో పాకినవాళ్ళను కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళతో ఒకే గుంపులో కూర్చోబెట్టకండి. కొత్తవాళ్ళు బెదిరిపోతారు, పాతవాళ్ళు తమ మాట మింగేసుకుంటారు. ఇద్దరు ముగ్గురే ఉన్నా వాళ్ళకు వేరే కూడిక పెట్టండి.

మొదటి ఫోన్

రోగి మీ నంబరుకు ఫోన్ చేసి, జత కుదిరాక తోడు ఆమెకు చేసే ఫోన్ ఇది. ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు. ముందుగా అడగాల్సినవి రెండు: "ఇప్పుడు మాట్లాడ్డానికి వీలేనా అక్కా? పక్కన ఎవరైనా ఉన్నారా?" ఇంట్లో అందరికీ విషయం తెలిసి ఉండకపోవచ్చు. కొన్ని ఇళ్ళలో రోగికే పూర్తిగా చెప్పరు. అందుకని ఆమె అనేవరకూ మీరు జబ్బు పేరు ఎత్తకూడదు. "ఆపరేషన్ అయిందని తెలిసింది, ఎలా ఉన్నారు?" అని మొదలుపెడితే చాలు. వేరేవాళ్ళు ఫోన్ ఎత్తితే "ఆస్పత్రిలో కలిశామండి, మళ్ళీ చేస్తాను" అని పెట్టేయండి. కలవకపోతే అది కూడా అనకండి, "మళ్ళీ చేస్తాను" ఒక్కటే.

అనకూడని మాటలు కొన్ని: "ధైర్యంగా ఉండు", "నీకేం కాదు", "ఏడవకు, పిల్లలు చూస్తారు", "ఎన్నో స్టేజీ?" మొదటి మూడూ ఆమె నోరు నొక్కేస్తాయి. నాలుగోది పోలిక తెస్తుంది, పోలిక భయం తెస్తుంది. వాటి బదులు: "ఇవాళ అన్నిటికన్నా ఇబ్బంది పెడుతున్నది ఏది?" జవాబు చాలాసార్లు చావు గురించి ఉండదు. నిద్ర పట్టట్లేదనో, ఆయన ఇంకో గదిలో పడుకుంటున్నాడనో, జుట్టు రాలుతోందనో ఉంటుంది.

జుట్టు సంగతి సాధారణంగా మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు మొదలవుతుంది. ముందే పొట్టిగా కత్తిరించుకుంటే దువ్వెనలో కుచ్చులు చూసే బాధ కొంత తగ్గుతుంది. తిరుపతి మొక్కు అని చెప్పుకుని గుండు గీయించుకునేవాళ్ళు మన దగ్గర తక్కువేం కాదు. అలా చెప్పాలా, నిజం చెప్పాలా అన్నది ఆమె ఇష్టం. ఆ అబద్ధాన్ని తప్పుపట్టడం తోడు పని కాదు.

పెట్టే ముందు తర్వాతి ఫోన్ ఏ రోజు, ఎన్నింటికో చెప్పండి. చెప్పిన వేళకు చెయ్యకపోతే ఆ జత అక్కడితో చెడినట్టే.

వార్డుకు వెళ్ళేటప్పుడు సంచి

నర్సుకు చెప్పి, చేతులు కడుక్కుని, పావుగంటకు మించకుండా. జలుబు ఉంటే వెళ్ళొద్దు. పళ్ళు, తీర్థాలు, విభూతి తీసుకెళ్ళొద్దు. సంచిలో ఇవి ఉంటే చాలు: డ్రెయిన్ సీసా పెట్టుకుని మెడలో వేసుకునే గుడ్డ తిత్తి, చంక కింద పెట్టుకునే చిన్న దిండు, ముందు జిప్పు ఉన్న వదులు నైటీ, ఒక చిన్న నోటుపుస్తకం, పెన్ను.

నోటుపుస్తకం డ్రెయిన్ లెక్కకు. రోజూ ఒకే వేళకు సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, రంగేమిటో రాసుకోవాలి. 24 గంటల్లో 30 మి.లీ. కన్నా తగ్గాక తీయడం చాలాచోట్ల పద్ధతి. ఎప్పుడు తీయాలో డాక్టరే చెప్పాలి. లెక్క లేకుండా వెళ్తే ఇంకో రెండు రోజులు చూద్దాం అంటారు, ఊరి నుంచి వచ్చిన మనిషికి ఆ రెండు రోజులూ లాడ్జి ఖర్చు. తీశాక చంకలో మళ్ళీ నీరు చేరి బుడగలా ఊగుతుంటే ఇంట్లో నొక్కకూడదు, సూదితో తీయించుకోవాలి.

ఇంటికెళ్ళాక పథ్యం గొడవ తప్పదు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ వద్దని, గుడ్డు వద్దని పెద్దవాళ్ళు అడ్డుపడతారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పూ గుడ్డూ మానేస్తే మానడం ఆలస్యమవుతుంది. ఇది మీరు అత్తగారితో వాదించకండి. డిశ్చార్జి రోజున డైటీషియన్ చేత అత్తగారి ఎదురుగానే చెప్పించండి.

చేయి

చంకలో గ్రంథులు తీసినవాళ్ళకు చేయి వాపు నెలల తర్వాత కూడా రావచ్చు. మొదట తెలిసేది చాలాసార్లు గాజుల వల్ల. నిన్నటిదాకా జారిన గాజు ఇవాళ మణికట్టు దగ్గర పట్టేస్తుంది, ఉంగరం తిరగదు. ఈ మాట మొదటి నెలలోనే ప్రతి ఒక్కరికీ చెప్పండి.

కొలిచే పద్ధతి: కుట్టుపని టేపు తీసుకుని మణికట్టు ఎముక దగ్గర ఒక గుర్తు, అక్కణ్ణించి పైకి ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక గుర్తు, భుజం దాకా. రెండు చేతులూ కొలవాలి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. నెలకోసారి, ఒకే పూట, వీలైతే ఒకే మనిషి కొలవాలి. కుడిచేతివాటం ఉన్నవాళ్ళకు కుడిచేయి మామూలుగానే కాస్త లావుంటుంది కాబట్టి ఆపరేషన్‌కు ముందు కొలత ఉంటే చాలా మేలు. ఏ గుర్తు దగ్గరైనా రెండు చేతులకూ 2 సెంటీమీటర్లు, అంతకు మించి తేడా వస్తే ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపాలి. ముదరకముందు వెళ్తే పట్టీతో, మర్దనతో అదుపులో ఉంటుంది.

చేయి కదపకుండా దాచుకోవడం వల్ల భుజం బిగుసుకుపోతుంది, ఇది చాలామంది చేసే తప్పు. డ్రెయిన్ ఉన్నంతకాలం భుజం ఎత్తు దాటకుండా కదపడం, తీశాక గోడ వ్యాయామం. గోడకు ఎదురుగా అడుగు దూరంలో నిలబడి వేళ్ళతో పైకి పాకించి, నొప్పి మొదలైన చోట ఆగి, సుద్దముక్కతో గీత పెట్టాలి. ఐదు నుంచి పదిసార్లు, రోజుకు రెండు మూడు పూటలు. వారం తర్వాత గీతలు పైకి జరిగి ఉండాలి. చంక నుంచి మోచేతి దాకా తీగలా లాగుతుంటే భయపడక్కర్లేదు కానీ ఫిజియోకి చూపించాలి. రీకన్‌స్ట్రక్షన్ (తీసిన రొమ్మును మళ్ళీ కట్టే ఆపరేషన్) అయినవాళ్ళు మాత్రం తమ సర్జన్ చెప్పిన రోజునే ఇది మొదలుపెట్టాలి.

ఆ చేతికి కత్తి గాటు, ముల్లు, నూనె చుక్క పడకుండా చూసుకోవాలి. గిన్నెలు తోమేటప్పుడు, పెరట్లో కలుపు తీసేటప్పుడు తొడుగు వేసుకోవాలి. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

జాకెట్టు, మెత్త

వెనక హుక్కుల జాకెట్లు కొన్నాళ్ళు పక్కన పెట్టాల్సిందే. ముందు హుక్కులు, మెడ కాస్త పైకి, చంక దగ్గర ఒక అంగుళం వదులు: దర్జీకి ఈ మూడూ చెప్పండి.

తాత్కాలిక మెత్తకు పాత మెత్తని నూలు గుడ్డ తీసుకోండి. రెండో వైపు ఆకారానికి సరిపడా రెండు ముక్కలు కత్తిరించి, కుట్టు లోపలికి తిప్పి, దిండ్లలో నింపే పాలిస్టర్ పీచు నింపండి. దూది వద్దు, ఉతికితే ఉండలు కడుతుంది. మొదటి వారాల్లో బరువు లేని మెత్తే పెట్టుకోవాలి. గాయం పూర్తిగా మానాక తేలిక మెత్తతో ఒక చిక్కు వస్తుంది: నడుస్తుంటే అది మెడవైపు ఎగబాకుతుంది. అప్పుడు కింది అంచులో చిన్న సంచి కుట్టి అందులో ఆవాలు పోయాలి. 50 గ్రాములతో మొదలుపెట్టి, భుజాలు సమానంగా ఉన్నట్టు అనిపించేదాకా పెంచండి. ఉతికే ముందు ఆవాలు తీసేయాలి, లేకపోతే మొలకెత్తుతాయి.

బ్రా వేసుకోనివాళ్ళు పల్లెల్లో చాలామంది. వాళ్ళకు జాకెట్టు లోపలే పక్క తెరిచి ఉన్న జేబు కుట్టాలి. ఈ సంగతి తెలియక పంచిపెట్టిన బ్రాలు ట్రంకు పెట్టెల్లో ఉండిపోతాయి. సిలికాన్ మెత్త కొనేవాళ్ళు ఆపరేషన్ అయి ఆరు వారాలు దాటాక, డాక్టర్ సరేనన్నాక కొలత ఇవ్వాలి. రేడియేషన్ నడుస్తుంటే చర్మం మానేదాకా ఆగాలి.

రీకన్‌స్ట్రక్షన్ గురించి మాట్లాడేటప్పుడు

తోడు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చేయించుకున్నామె దాన్ని పొగుడుతుంది, చేయించుకోనామె "ఈ వయసులో ఎందుకు" అంటుంది. రెండూ ఎదుటావిడ నిర్ణయాన్ని లాక్కోవడమే. అందుకని ఇందులో ఒక్క తోడును పంపకండి. ముగ్గుర్ని విడివిడిగా కలపండి: ఇంప్లాంట్ (రొమ్ము ఆకారానికి లోపల పెట్టే కృత్రిమ సంచి) పెట్టించుకున్నామెను, సొంత ఒంటి కొవ్వుతోనో కండతోనో చేయించుకున్నామెను, ఏదీ వద్దని ఛాతీ చదునుగానే ఉంచుకున్నామెను. ముగ్గురూ ఒక్కటే ప్రశ్నకు జవాబు చెప్పాలి: "ఆర్నెల్ల తర్వాత రోజు ఎలా గడిచింది?"

కచ్చితంగా చెప్పదగ్గ సంగతులు కొన్ని ఉన్నాయి. రీకన్‌స్ట్రక్షన్ వల్ల కాన్సర్ తిరగబెట్టదు. చాలాసార్లు ఒక్క ఆపరేషన్‌తో అయిపోదు. రెండో వైపుతో సరిచేయడం, చనుమొన కట్టడం, దానికి రంగు పొడవడం విడివిడిగా నెలల తేడాతో జరుగుతాయి. కట్టిన రొమ్ముకు మునుపటి స్పర్శ ఉండదు. ఈ చివరిది ముందే తెలియకపోతే తర్వాత చాలా బాధపడతారు.

ఇంప్లాంట్ దారిలో మొదట చర్మాన్ని సాగదీసే ఎక్స్‌పాండర్ అనే సంచి పెట్టి, వారానికో రెండు వారాలకో 50 నుంచి 100 మి.లీ. సెలైన్ ఎక్కిస్తారు. ఎక్కించాక ఒకటి రెండు రోజులు ఛాతీ బిగుసుకుని బరువు పెట్టినట్టు ఉంటుంది. చాలా ఎక్స్‌పాండర్లలో అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఎవరైనా ఎంఆర్ఐ రాస్తే ముందే చెప్పి తీరాలి. రేడియేషన్ పడితే ఇంప్లాంట్ చుట్టూ పొర గట్టిపడి ఆకారం మారే అవకాశం పెరుగుతుంది. అందుకే రేడియేషన్ అవసరమా కాదా తేలకుండా ఈ మాట తేల్చుకోవడం కుదరదు.

పొట్ట చర్మం, కొవ్వుతో చేసే డీఐఈపీ ఆపరేషన్ ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు నర్సు గంటగంటకూ వచ్చి రక్తం ఆడుతోందా అని చూస్తుంది, నిద్ర ఉండదు. పొట్ట బిగువుగా ఉండి కొన్నాళ్ళు వంగి నడవాలి, వెల్లకిలా మోకాళ్ళ కింద దిండ్లు పెట్టుకుని పడుకోవాలి. కింద కూర్చోలేరు, కాబట్టి ఇంట్లో మామూలు మరుగుదొడ్డే ఉంటే కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టాలి. కుట్టు ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంటుంది. లంగా బొందు సరిగ్గా దానిమీదే ఒరుసుకుంటుంది. మొదటి వారాల్లో నైటీలే మేలు. బిందె, గ్యాస్ సిలిండర్, పిల్లాణ్ణి ఎత్తడం ఆరు వారాల దాకా కుదరదని ఇంట్లోవాళ్ళతో ముందే అనిపించుకోవాలి. "నాకు సిజేరియన్ మచ్చ ఉంది, ఇది కుదరదంటగా" అని అడిగితే తోడు తీర్పు చెప్పకూడదు. చాలామందికి కుదురుతుంది, సర్జనే చూసి చెప్పాలి. వీపు కండతో చేసే పద్ధతిలో వీపులో నీరు చేరడం ఎక్కువగా కనిపిస్తుంది.

వేడినీళ్ళ సంచి గురించి గట్టిగా హెచ్చరించండి. కట్టిన రొమ్ము మీద, పొట్ట కుట్టు మీద స్పర్శ లేక, కాపడం పెట్టుకుంటే కాలినా తెలియదు. బొబ్బలెక్కి వచ్చినవాళ్ళున్నారు.

ఖర్చు సంగతి పుకార్ల మీద చెప్పకండి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవల్లో ఏది వర్తిస్తుందో ఆపరేషన్ తేదీకి ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగించండి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకైతే, రొమ్ము తీసే ఆపరేషన్‌కు డబ్బిచ్చే బీమా రీకన్‌స్ట్రక్షన్‌కూ ఇవ్వాలని 1998 నాటి చట్టం ఉంది.

నెలవారీ కూడిక, వాట్సాప్

ఎనిమిది నుంచి పన్నెండు మంది, గంటన్నర, పగలు పదకొండు గంటల ప్రాంతం. కింది అంతస్తు, వీపానే కుర్చీలు, లోపలి గడియ ఉన్న ఒక గది. ఆ గది మచ్చలు చూసుకోవడానికి. చూపించేవాళ్ళు ఇష్టపడి చూపించాలి, ఫోన్లు బయటే ఉండాలి. ఒక్కసారి మానిన మచ్చను దగ్గరగా చూస్తే, ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసి పెంచుకున్న భయం చాలావరకు పోతుంది. ఒకరే గంటసేపు మాట్లాడితే నడిపే మనిషి "అక్కా, తక్కినవాళ్ళనూ విందాం" అని చెప్పగలగాలి.

వాట్సాప్‌లో ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకే. ఫార్వర్డులు, మందుల ఫొటోలు, రిపోర్టులు, అప్పులు ఏవీ వద్దు. "నేనూ ఆ మాత్ర మానేశాను, ఏం కాలేదు" అన్న మాట కనిపిస్తే వెంటనే తీసేయాలి. ఒళ్ళు వేడెక్కుతోందని, కీళ్ళు నొప్పులని మాత్రలు చెప్పకుండా మానేసేవాళ్ళు చాలామంది. వాళ్ళను డాక్టర్‌కి చెప్పేలా ఒప్పించడమే తోడు పని. మాత్ర మార్చవచ్చు, ఉపశమనానికి మందు ఇవ్వవచ్చు.

తోడు ఆగి, ఆస్పత్రికి పంపాల్సినవి

కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. పారాసెటమాల్ వేసుకుని చూద్దాం అనడం ప్రాణం మీదికి తెస్తుంది. కాలు ఒక్కటే వాచడం, ఊపిరి ఆడకపోవడం, ఇంప్లాంట్ వైపు ఎర్రబడటం, ముట్లు ఆగిన మనిషికి టమాక్సిఫెన్ వాడుతుండగా రక్తం కనబడటం, తగ్గకుండా ఉండే కొత్త ఎముక నొప్పి కూడా ఇంటి చిట్కాలకు లొంగేవి కావు.

చనిపోవాలనిపిస్తోందని అంటే మాట మార్చకండి. "చనిపోవాలని ఆలోచిస్తున్నారా?" అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఇంట్లో ఇంకొకరు దగ్గరికి వచ్చేదాకా ఫోన్ పెట్టకండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

బృందంలో ఒకరు పోయినప్పుడు, తోడుకే తిరగబెట్టినప్పుడు

మరణవార్త దండేసిన ఫొటోతో వాట్సాప్‌లో పెట్టకండి. ఆమెకు దగ్గరైనవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి, తర్వాత మిగతావాళ్ళకు చిన్న మాట రాయండి. తర్వాతి కూడికలో మొదటి పావుగంట ఆమెకు కేటాయించండి. ఆ రోజు కొత్తవాళ్ళను పిలవకండి.

ప్రతి తోడుకూ తన స్కాన్ వారంలో ఫోన్లు ఉండవని ముందే రాసిపెట్టుకోండి. నెలకోసారి తోడులు మాత్రమే కూర్చుని, తమను ఏ ఫోన్ కలతపెట్టిందో చెప్పుకోవాలి. అక్కడ పేర్లు వాడకూడదు. జబ్బు తిరగబెట్టిన తోడు తన దగ్గరున్న ముగ్గురికీ తనే వివరించాల్సిన పని లేదు. బృందం నడిపే మనిషి ఫోన్ చేసి, ఇకనుంచి ఎవరు మాట్లాడతారో ఆ పేరు చెప్పి, అదే వారంలో మాట్లాడించాలి. దానికోసం ప్రతి తోడు పేరు ఎదురుగా రెండో తోడు పేరు మొదటి రోజే రాసి ఉంచండి.